పప్పుల నూనెలు, గింజల నూనెలు: ఏది పొయ్యి మీదికి, ఏది వడ్డనలోకి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. ఇంతకాలం ఒకే రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనెతో వంట సాగించిన మీరు ఈమధ్య అక్రోటు (వాల్‌నట్) నూనె, అవిసె నూనె, గానుగ వేరుశనగ నూనె తలా ఒక సీసా కొన్నారు. అక్రోటు నూనెలో కూరగాయలు వేయిస్తే చేదెక్కాయి. గానుగ నూనె పాత నూనె కంటే త్వరగా పొగ చిమ్ముతోంది. ఏ నూనె ఎంత వేడికి పొగ వస్తుందో చెప్పే పట్టికలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఇంతకీ ఇంట్లో ఎన్ని రకాలు ఉంచుకోవాలో తేలడం లేదు. నూనెల పరీక్షశాలలోనూ, ఆ తరువాత వంటశాలలోనూ చాలాకాలం పనిచేసినవాణ్ణి కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పొయ్యి మీదికి వెళ్లే నూనె ఒకటి, వంట దించాక పైన వేసుకునే నూనె ఒకటి ఉంటే చాలు. మూడోది కొనాలనిపిస్తే, దాన్ని రెండు నెలల్లోపు ఖాళీ చేయగలమా అని ఆలోచించి అప్పుడు కొనండి.

కేలరీల విషయంలో నూనెల మధ్య తేడా ఏమీ లేదు. ఏ నూనె అయినా గ్రాముకు సుమారు 9 కేలరీలే ఇస్తుంది, అంటే ఒక టేబుల్ స్పూనుకు (దాదాపు 14 గ్రాములు) 120 పైచిలుకు. తేడా అంతా ఆ కొవ్వు ఏ కొవ్వు ఆమ్లాలతో ఏర్పడిందన్న దాంట్లో ఉంది. ఒలియిక్ ఆమ్లం ఏక అసంతృప్తం, అంటే ఆక్సిజన్‌కు లొంగే జంట బంధం అందులో ఒకటే ఉంటుంది, కనుక అది గాలికీ వేడికీ బాగా తట్టుకుంటుంది. లినోలియిక్ ఆమ్లం (ఒమేగా-6) దానికంటే పది రెట్లకు పైగా వేగంగా గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పాడవుతుంది. ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం (ఒమేగా-3) అంతకంటే కూడా సున్నితమైనది. ఈ లెక్కన హేజెల్‌నట్ నూనెలో ఒలియిక్ ఆమ్లం 75 శాతం దాటి ఉంటుంది, బాదం నూనెలో 60 నుంచి 70 శాతం, వేరుశనగ నూనెలో సగానికి అటూ ఇటూ. నువ్వుల నూనెలో ఒలియిక్, లినోలియిక్ ఆమ్లాలు చెరి 40 శాతం చొప్పున ఉంటాయి. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో లినోలియిక్ ఆమ్లం 60 శాతం పైన, ద్రాక్ష గింజల నూనెలో 70 శాతం, మామూలు కుసుమ నూనెలో అంతకంటే కొంచెం ఎక్కువ. అక్రోటు నూనెలో సగానికి పైగా లినోలియిక్, మరో 10 శాతం దాకా ఒమేగా-3 ఉంటాయి. అవిసె నూనెలో సగానికి పైగా ఒమేగా-3 ఒక్కటే. ఈ అంకెలను గుర్తు పెట్టుకోనక్కరలేదు గానీ, మీరు కొన్న మూడు సీసాల్లో రెండు పొయ్యికి దూరంగా ఉండవలసినవని ఇక్కడే తెలిసిపోతోంది.

ఇక పట్టికల సంగతి. నూనె పొగ చిమ్మే ఉష్ణోగ్రత ఆ గింజకు పుట్టుకతో వచ్చిన స్థిరమైన గుణం కాదు. నూనెలో విడిగా తిరుగుతున్న కొవ్వు ఆమ్లాలు ఎన్ని ఉన్నాయి, గింజ నలిగినప్పుడు వచ్చిన సన్నని మడ్డి ఎంత మిగిలింది, నూనె ఎంత పాతది, ఇంతకుముందు ఒకసారి కాగిందా అన్న వాటిని బట్టి ఆ అంకె మారిపోతుంది. రిఫైన్ చేసిన వేరుశనగ నూనె 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర పొగ వస్తే, అదే గింజ నుంచి తీసిన గానుగ నూనె 160 ప్రాంతంలోనే పొగ మొదలుపెట్టవచ్చు. ఒక పట్టిక మొదటిదాన్ని రాస్తుంది, ఇంకొకటి రెండోదాన్ని రాస్తుంది, ఏది రాశామన్నది మాత్రం రెండూ చెప్పవు. మీ గానుగ నూనె త్వరగా పొగ రావడానికి కారణం ఇదే తప్ప అందులో కల్తీ ఉందని అనుకోనవసరం లేదు. సీసాను రెండు రోజులు కదపకుండా ఉంచి, అడుగున చేరిన మడ్డిని వదిలేసి పైన తేటను మాత్రమే వంచి వాడి చూడండి, పొగ కొంత ఆలస్యంగా మొదలవుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పొగ ఆలస్యంగా రావడం, నూనె చెడకుండా నిలవడం ఒకటే కాదు. రిఫైన్ చేసిన ద్రాక్ష గింజల నూనె 200 డిగ్రీలు దాటినా పొగ రాదు, అయినా అందులో లినోలియిక్ ఆమ్లం అంత ఎక్కువ కనుక ఎక్కువసేపు కాగితే కంటికి కనిపించకుండానే పాడవుతుంది. అది ఒక్కసారి పెద్ద మంట మీద గబగబా వేయించి దించేసే వంటకు సరిపోతుంది గానీ, గంటసేపు మూకుడులో మరిగే పనికి కాదు. అందుచేత పొగ అంకెను పైహద్దుగా మాత్రమే చూడండి. దాని లోపల ఎంతసేపు, ఎన్నిసార్లు కాచవచ్చన్నది కొవ్వు ఆమ్లాల కూర్పు చెబుతుంది.

గానుగ నూనె మంచిదా, రిఫైన్డ్ మంచిదా అన్న వాదన చాలా వేడిగా నడుస్తుంటుంది, నాకు మాత్రం ఆ రెండూ వేర్వేరు పనులకు పుట్టిన సరుకుల్లా కనిపిస్తాయి. రిఫైన్ చేసేటప్పుడు గింజల నుంచి యంత్రంతో పిండిగానీ, హెక్సేన్ అనే ద్రావణితో కరిగించిగానీ తీసిన నూనెలోని జిగురును తీసేస్తారు, క్షారంతో విడి కొవ్వు ఆమ్లాలను తొలగిస్తారు, ప్రత్యేకమైన మట్టితో రంగు పోగొడతారు, చివరకు శూన్యంలో, 200 డిగ్రీలకు అటూ ఇటూ వేడిలో ఆవిరి పంపి వాసన తీసేస్తారు. హెక్సేన్‌ను చాలావరకు ముందే ఆవిరి చేసి తీసేస్తారు, మిగిలిన జాడ ఈ ఆవిరితో వెళ్లిపోతుంది. అలా మిగిలిన నూనెకు రుచీ వాసనా ఉండవు, కొంత విటమిన్-ఇ కూడా పోతుంది, కానీ అది వేడికి నిలుస్తుంది. గానుగ నూనెలో గింజ వాసన, రంగు, కొన్ని రక్షక పదార్థాలు మిగులుతాయి, వాటితోపాటు గింజలో ఉన్న లోపాలూ మిగులుతాయి. ఈ రెండో మాట ఎవరూ గట్టిగా చెప్పరు. వేరుశనగ పప్పుకు బూజు పడితే పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది. రిఫైనింగ్‌లోని క్షార దశ దాన్ని దాదాపుగా తొలగిస్తుంది, గానుగ తొలగించలేదు. కాబట్టి గానుగ వేరుశనగ నూనె కొనేవాళ్లు నూనె కంటే ముందు పప్పును చూడాలి. ముడతలు పడిన, రంగు మారిన, లోపల బూజు మరకలున్న పప్పును ఏరి పారేసే చోట మాత్రమే ఆ నూనె కొనాలి.

పొయ్యి మీది నూనెగా నేను మొదట సూచించేది వేరుశనగ నూనె. ఒలియిక్ పాలు ఎక్కువ, రుచి మితంగా ఉంటుంది, వేపుడు రంగు సమంగా వస్తుంది. మధ్యస్థమైన మంట మీద రోజువారీ వంటకు గానుగది, నూనెలో ముంచి వేయించడానికి రిఫైన్డ్ది వాడుకోవచ్చు. పొద్దుతిరుగుడు నూనెకే అలవాటు పడి ఉంటే దాన్ని మానక్కరలేదు. సీసా మీద 'హై ఒలియిక్' అని రాసి ఉన్న రకం వెతకండి. మొక్కల ఎంపిక ద్వారా తయారైన ఆ రకంలో ఒలియిక్ ఆమ్లం 75 శాతం పైన ఉంటుంది, పేరు ఒకటే అయినా మూకుడులో ఆ నూనె ప్రవర్తన పూర్తిగా వేరు. కుసుమ నూనెలోనూ అలాంటి రకం దొరుకుతుంది. మామూలు పొద్దుతిరుగుడు నూనె అయినా చిన్న వేపుళ్లకు ఇబ్బంది లేదు, పైగా విటమిన్-ఇ ఎక్కువగా ఉన్న నూనెల్లో అది ఒకటి, ఒక టేబుల్ స్పూనులో రోజు అవసరంలో మూడో వంతు దాకా వస్తుంది. అదే నూనెను మళ్లీ మళ్లీ కాచడమే దానికి సరిపడదు.

నువ్వుల నూనె కాగితం మీద లెక్కలకు లొంగని నూనె. అందులోని లినోలియిక్ పాలును చూస్తే త్వరగా పాడవ్వాలి, కానీ సెసమిన్, సెసమోలిన్ అనే లిగ్నాన్లు (గింజలో సహజంగా ఉండే రక్షక పదార్థాలు) దాన్ని కాపాడతాయి. వేడికి సెసమోలిన్ విడిపోయి సెసమోల్ అనే బలమైన రక్షక పదార్థం పుడుతుంది, అందుకే గానుగ నువ్వుల నూనె ఎక్కువకాలం నిలవ ఉంటుంది. అయితే నువ్వుల నూనెల్లో రెండు జాతులున్నాయని మరిచిపోకండి. పచ్చి నువ్వులను ఆడించి తీసిన లేత పసుపు నూనె వంటకు పనికొస్తుంది. నువ్వులను ముదురుగా వేయించి తీసిన గోధుమరంగు నూనె సువాసన కోసం తయారైనది, దాన్ని చివర్లో అర టీస్పూను చల్లాలి తప్ప దానితో వంట మొదలుపెట్టకూడదు. కాగితే ఆ వేయించిన సువాసన మాడు వాసనగా మారుతుంది.

ఆవ నూనె గురించి ఒక హెచ్చరిక. మామూలు ఆవ నూనెలో ఎరూసిక్ ఆమ్లం చాలా ఎక్కువగా, తరచు 40 శాతం దాటి ఉంటుంది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో అది గుండె కండరంలో కొవ్వు చేరడానికి కారణమైనట్టు తేలింది. దాన్ని బట్టి అమెరికాలో దాన్ని వంట నూనెగా అమ్మనివ్వరు, ఐరోపా సమాఖ్య వంట నూనెల్లో ఎరూసిక్ ఆమ్లానికి తక్కువ పరిమితి పెట్టింది. తరతరాలుగా దాన్ని తినేవాళ్లు కోట్లలో ఉన్నారు, వాళ్లందరినీ భయపెట్టే ఉద్దేశం నాకు లేదు. అదొక్కటే నూనెగా ఇల్లు నడపవద్దని మాత్రం అంటాను. కనోలా అదే కుటుంబపు మొక్క అయినా 1970ల్లో కెనడాలో ఎరూసిక్ ఆమ్లాన్ని 2 శాతానికి లోపల ఉంచేలా రూపొందించిన రకం, అది మంచి సాదా నూనె. పత్తి గింజల నూనె రిఫైన్ చేసినదే తినాలి, ఎందుకంటే పచ్చి నూనెలో గాసిపోల్ అనే హానికర పదార్థం ఉంటుంది.

ఇప్పుడు మీ అక్రోటు నూనె చేదు సంగతి. రిఫైన్ చేయని అక్రోటు నూనెలో వాసననిచ్చే పదార్థాలు చాలా తేలికైనవి, వేడి తగలగానే సగం గాలిలో కలుస్తాయి. మిగిలిన బహు అసంతృప్త కొవ్వు (లినోలియిక్, ఒమేగా-3) వేడికి విరిగి చేదుగా మారుతుంది. అంటే డబ్బు పెట్టి కొన్నది ఆవిరైపోయి, కొననిది మూకుడులో మిగిలిందన్నమాట. ఈ నూనెను వాడే పద్ధతి వేరు. కూరగాయలను ఉడికించో, మీ సాదా నూనెతో వేయించో పొయ్యి ఆర్పండి. ఒక నిమిషం ఆగి, గిన్నె వేడి చేతికి ఓర్చుకునేంతగా తగ్గాక, నలుగురికి సరిపడే కూరకు రెండు టీస్పూన్ల అక్రోటు నూనె వేసి ఒక్కసారి కలపండి. గోరువెచ్చని ఆ వేడికి వాసన లేస్తుంది, కానీ ఎగిరిపోదు. ఉడికించిన దుంపల మీద, చిక్కుడుగింజల మీద, పచ్చి ఆకుకూరల సలాడ్ మీద, గట్టి పెరుగు మీద, ముక్కలు కోసిన పండ్ల మీద కూడా ఇది బాగుంటుంది. ఉప్పు ముందే కలిపి ఉంచండి, ఉప్పు తక్కువైన పదార్థం మీద పప్పుల నూనె వాసన చప్పగా, కొంచెం సబ్బు వాసనలా తోస్తుంది.

ఈ జాతి నూనెలు కొనేటప్పుడు పప్పును వేయించి తీశారా, పచ్చిగా తీశారా అని తప్పక చూడండి. వేయించి తీసిన అక్రోటు, హేజెల్‌నట్, బాదం నూనెల వాసన గాఢంగా ఉంటుంది, కొద్దిగా వేస్తే చాలు. పచ్చిగా చల్లని పద్ధతిలో తీసిన బాదం నూనెకు వాసన దాదాపుగా ఉండదు, కనుక దాన్ని సువాసన కోసం కొంటే నిరాశే మిగులుతుంది. గుమ్మడి గింజల నూనె వీటిలో విలక్షణమైనది. ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతం దీనికి పేరుపొందింది, అక్కడ గింజల పొడిని వేయించి నూనె పిండుతారు. పలచగా పరిస్తే ఆకుపచ్చగా, సీసాలో మందంగా చూస్తే ముదురు ఎరుపుగా కనిపిస్తుంది, రంగు మారిందని కంగారు పడవద్దు. చిక్కని సూపు మీద నాలుగు చుక్కలు వేస్తే ముద్దగా, కమ్మగా ఉంటుంది. మకడమియా నూనెలో ఏక అసంతృప్త కొవ్వే ఎక్కువ కనుక అది వేపుడుకూ వంగుతుంది, ఖరీదు మాత్రం అడ్డం వస్తుంది.

అవిసె నూనెను అసలు వేడి చేయవద్దు. అది వంటనూనె అనడం కంటే చెంచాతో కొలిచి తినే పోషకం అనడం సబబు. ఒక టేబుల్ స్పూనులో 7 గ్రాముల దాకా ఒమేగా-3 ఉంటుంది. అమెరికా పోషకాహార ప్రమాణాల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కావలసింది మగవారికి 1.6 గ్రాములు, ఆడవారికి 1.1 గ్రాములు. అంటే రోజుకు ఒక టీస్పూను చాలు, గుటకలు వేయనక్కరలేదు. అది శరీరంలో చేప నూనెలోని రకంగా మారేది చాలా తక్కువ కనుక చేప నూనెకు పూర్తి ప్రత్యామ్నాయమని కూడా అనుకోవద్దు. నిజం చెప్పాలంటే, అవిసె గింజలనే కొని వారానికి సరిపడా పొడి కొట్టుకోవడం నాకు నూనె కంటే నచ్చుతుంది, గింజ తొక్కలోపల ఉన్నంతకాలం ఆ కొవ్వు అంత త్వరగా పాడవదు.

సలాడ్ కోసం కలిపేటప్పుడు ఖరీదైన నూనె ఒక్కటే వాడవలసిన పని లేదు. ఒక వంతు అక్రోటు నూనె, రెండు వంతుల సాదా నూనె, వాటికి ఒక వంతు నిమ్మరసంగానీ వెనిగర్‌గానీ, కాస్త ఆవపిండి వేసి గిలకొట్టండి. ఆవపిండి నూనెనూ పులుపునూ కాసేపు విడిపోకుండా పట్టి ఉంచుతుంది. ఇంట్లో మయొనైజ్ చేసేవాళ్లకు మాత్రం ఒక మాట: వేరుశనగ నూనెతో చేసినది ఫ్రిజ్‌లో విరిగిపోవచ్చు, ఎందుకంటే ఆ నూనెలోని కొన్ని కొవ్వులు చల్లదనానికి పేరుకుని ఆ మిశ్రమాన్ని చీలుస్తాయి. దానికి పొద్దుతిరుగుడు నూనెలాంటి, చలికి పేరుకోని నూనె మేలు. కేకుల్లో వెన్నకు బదులు నూనె వేసేటప్పుడు బరువుకు బరువు వేయకండి. వెన్నలో కొవ్వు 80 శాతం చిల్లర మాత్రమే, కనుక 100 గ్రాముల వెన్నకు 80 గ్రాముల నూనె చాలు. నూనె కేకు చల్లారినా గట్టిపడదు, కానీ వెన్నను గిలకొట్టి గాలి పట్టించి చేసే కేకులకు ఈ మార్పిడి కుదరదు.

ముంచి వేయించే పని గురించి కొంచెం నిలిచి రాస్తాను, ఎందుకంటే ఏ ఇంట్లోనైనా నూనె ఎక్కువగా పాడయ్యేది అక్కడే. కావలసిన వేడి 160 నుంచి 190 డిగ్రీల లోపల. థర్మామీటరు లేకపోతే పొడి చెక్క గరిటె కాడను నూనెలో నిలబెట్టండి, దాని చుట్టూ సన్నని బుడగలు ఎడతెగకుండా లేస్తే పదార్థం వేయవచ్చు. చిన్న రొట్టె ముక్క సుమారు నిమిషంలో బంగారు రంగుకు వస్తే 180 దగ్గర ఉన్నట్టు. మూకుడును సగానికి మించి నింపకండి. ఒకేసారి ఎక్కువ ముక్కలు వేస్తే వేడి పడిపోయి, పైపొర గట్టిపడేలోపే నూనె లోపలికి దూరుతుంది, జిడ్డుగా వచ్చాయని నూనెను తిడతాం గానీ తప్పు మంటది. పదార్థం మీది తడిని తుడిచి, ఉప్పు వేయించాక చల్లండి, తేమ నూనెను విడగొట్టి విడి కొవ్వు ఆమ్లాలను పెంచుతుంది, దాంతో రెండోసారి కాచేసరికి పొగ ముందే వస్తుంది. రాగి, ఇత్తడి పాత్రలు వద్దు, ఆ లోహాలు నూనె చెడడాన్ని తొందర చేస్తాయి.

వేయించిన నూనెను మళ్లీ వాడవచ్చా అని అందరూ అడుగుతారు. ఇంట్లో శుభ్రంగా వేయించిన నూనెను చల్లారాక గుడ్డలో వడకట్టి, మూత బిగించి చీకట్లో ఉంచి ఒకటి రెండుసార్లు వాడుకోవడంలో తప్పు లేదు. నూనె నల్లబడి చిక్కబడితే, వేడి చేసినప్పుడు లేచిన నురగ అణగకుండా అలాగే నిలిచిపోతే, మామూలు వేడికే కళ్లు మండించే పొగ వస్తే ఇక పారేయండి. కళ్లు మండించేది ఎక్రోలీన్ అనే పదార్థం, కొవ్వులోని గ్లిసరాల్ విరిగినప్పుడు పుడుతుంది. హోటళ్లకు అనేక దేశాలు పెట్టిన హద్దు నూనెలోని ధ్రువ సమ్మేళనాలు (నూనె కాగి విరిగినప్పుడు పుట్టే పదార్థాలు) 25 శాతం దాటరాదని. ఆ కొలత పరికరం ఇంట్లో ఉండదు కనుక ఆ నురగనే నమ్ముకోండి. పొరపాటున మూకుడులో మంట లేస్తే పొయ్యి ఆర్పి మూత పెట్టేయండి, పాత్రను కదపకండి, నీళ్లు అస్సలు పోయకండి. నీరు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న నూనెను గది నిండా చిమ్ముతుంది.

గింజల నూనెల్లోని ఒమేగా-6 ఒంట్లో వాపు తెస్తుందన్న ప్రచారం మీ చెవినా పడే ఉంటుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2009లో ఈ విషయాన్ని పరిశీలించి, రోజు శక్తిలో 5 నుంచి 10 శాతం ఒమేగా-6 నుంచి రావడం మంచిదేనని సలహా ఇచ్చింది. నా దృష్టిలో సమస్య నూనె రకంలో కంటే మొత్తం ఎంత పోస్తున్నామన్న దాంట్లోనూ, కాగిన నూనెనే మళ్లీ కాచడంలోనూ ఉంది. ఈ చర్చను ఇంతకంటే పెంచను.

కొనేటప్పుడు ముందువైపు బొమ్మను వదిలేసి వెనుక చిన్న అక్షరాలను చదవండి. ముందు 'అక్రోటు' అని పెద్దగా ఉండి, వెనుక పదార్థాల జాబితాలో మొదట పొద్దుతిరుగుడు నూనె కనిపించడం మామూలే. ముద్ర లేని డబ్బాల్లో చౌకగా దొరికే నూనెను ఏ పరిస్థితిలోనూ కొనవద్దు. 1981లో స్పెయిన్‌లో పరిశ్రమల కోసం ఎనిలిన్ కలిపి తినడానికి పనికిరాకుండా చేసిన ఆవజాతి రేప్‌సీడ్ నూనెను మళ్లీ శుద్ధి చేసి వీధుల్లో వంటనూనెగా అమ్మారు. దాదాపు 20,000 మంది జబ్బుపడ్డారు, 300 మందికి పైగా చనిపోయారు. ఒంటికి రాసుకునే బాదం నూనె, చెక్క సామాను మీద పూసే అవిసె నూనె తినేవి కావు. రెండోదాంట్లో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కూడా కలుపుతారు. ఇంట్లో వేరుశనగ, బాదం, అక్రోటు లాంటి పప్పుల అలర్జీ ఉన్నవాళ్లుంటే గానుగ నూనెల జోలికే పోకండి. 1997లో ప్రచురితమైన ఒక పరీక్షలో వేరుశనగ అలర్జీ ఉన్న 60 మందిలో రిఫైన్డ్ నూనెకు ఎవరికీ ప్రతిచర్య రాలేదు, శుద్ధి చేయని నూనెకు ఆరుగురికి వచ్చింది. అలాగని రిఫైన్డ్ నూనెనైనా వైద్యుణ్ణి అడగకుండా ప్రయత్నించవద్దు. నువ్వుల అలర్జీ కూడా అంతే తీవ్రమైనది. అమెరికాలో 2023 నుంచి నువ్వులనూ ప్రధాన అలర్జీ పదార్థాల్లో చేర్చి లేబుల్ మీద రాయడం తప్పనిసరి చేశారు.

నిలవ విషయంలో శత్రువులు మూడే: వెలుతురు, గాలి, వేడి. పది డిగ్రీల వేడి పెరిగితే నూనె చెడే వేగం సుమారు రెట్టింపవుతుంది, కనుక పొయ్యి పక్కన అరలో సీసాలు వరసగా పెట్టడం చూడ్డానికే బాగుంటుంది. అక్రోటు, అవిసె, గుమ్మడి గింజల నూనెలను ముదురు రంగు చిన్న సీసాల్లో కొని, మూత తీసిన రోజు తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లదనానికి మసకబారినా, అడుగున పేరుకున్నా బయట పెడితే తేరుకుంటుంది. పాత సీసాలో మిగిలిన నాలుగు చుక్కల మీద కొత్త నూనె పోయడం చాలామందికి అలవాటు, అది మానుకోండి, పాత నూనె ఆక్సిజన్‌తో కలిసినప్పుడు పుట్టిన పెరాక్సైడ్లు అనే పదార్థాలు కొత్తదాన్ని కూడా తొందరగా చెడగొడతాయి, పాలలో తోడు వేసినట్టే.

చెడిందో లేదో తెలుసుకోవడానికి ముక్కును మించిన పరికరం లేదు. చిన్న గాజు కప్పులో అర టీస్పూను పోసి, అరచేతితో మూసి, రెండో చేతిలో పట్టుకుని నిమిషం సేపు గోరువెచ్చగా చేయండి. చెయ్యి తీసి వెంటనే వాసన చూడండి. తాజా అక్రోటు నూనె అప్పుడే పగలగొట్టిన పప్పులా ఉంటుంది. చెడినది రంగు డబ్బాలా, పిల్లల మైనపు రంగు పెన్సిళ్లలా, పాత అట్టపెట్టెలా వాసన కొడుతుంది. అవిసె నూనె చెడితే చేప వాసన వస్తుంది. అనుమానంగా ఉంటే ఒక చుక్క నాలుక మీద వేసి మింగండి. చెడిన నూనె గొంతు చివర గీరినట్టు పట్టుకుని, నీళ్లు తాగినా పోదు. మీ అక్రోటు సీసాను ఇలా చూడండి. వేడి చేయకుండానే చేదుగా ఉంటే అది దుకాణంలోనే ముసలిదై ఉంటుంది, తిరిగి ఇచ్చేయండి. చల్లగా ఉన్నప్పుడు కమ్మగా ఉంటే నూనె మంచిదే, వాడుక మార్చుకుంటే సరి.

పారేయవలసి వస్తే సింకులో పోయకండి, గొట్టాల్లో గడ్డకడుతుంది. పాత కాగితాలకో రంపపు పొట్టుకో పీల్పించి చెత్తలో వేయండి. అవిసె నూనె, అక్రోటు నూనె విషయంలో ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఐరోపా చిత్రకారులు రంగులు కలపడానికి ఈ రెండు నూనెలను వాడింది అవి గాలితో కలిసి గట్టి పొరగా ఆరతాయి కాబట్టి, ఆ ఆరడంలో వేడి పుడుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డనో, పీల్చిన కాగితాన్నో ఉండ చుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక అది దానంతటదే అంటుకోవచ్చు. అలాంటివాటిని విప్పి పరిచి ఆరబెట్టండి, గుడ్డ అయితే సబ్బు నీళ్లలో వెంటనే ఉతకవచ్చు కూడా.